సురవరము ప్రతాపరెడ్డిగారి జీవితము

గొప్పవారి చరిత్రములు వ్రాయువారు సాధారణముగా ఆ మహనీయు నొక్కనినే ఎత్తైన పీఠముపై నిలిపి, ఆయన చుట్టునున్న వారినందరను మరుగుపరతురు. గ్రంథకర్తల విషయమున ఈ పద్ధతి మిక్కిలి హానికరము. ఏలయన, వ్రాసినవాడొక్కడే యుండి అచ్చువేయువాడు లేనియెడల ఆ వ్రాత పెట్టెలో చెదలకు ఆహారమగును. అచ్చువేయువాడుండి అమ్మువాడు లేనియెడల అంగడిలో దుమ్ముపట్టును. అమ్మువాడుండి చదువ నేర్చినవాడు లేనియెడల అంతయు వ్యర్థము. కాబట్టి సురవరము ప్రతాపరెడ్డిగారి చరిత్రమును చెప్పబూనిన మేము, వారితోకూడ వారికి ముందు నడచినవారిని, ప్రక్కను నిలిచినవారిని, వెనుక వచ్చినవారిని గూడ కొంత స్మరింపక తీరదు.

నైజాము రాజ్యమున తెలుగు మాటాడు ప్రజలు సుమారు సగముండిరి. అయినను కచ్చేరులలోను, న్యాయస్థానములలోను, ఉన్నత పాఠశాలలలోను ఉర్దూ భాషయే చెల్లుచుండెను. రైతు తన భూమినిగూర్చిన కాగితమును తాను చదువలేడు. తనపై వచ్చిన వ్యాజ్యములోని వ్రాతను మరియొకనిచే చదివించుకొనవలెను. చదివినవాడు నిజము చెప్పెనో కల్పించి చెప్పెనో తెలిసికొను సాధనము వానికి లేదు. న్యాయవాద వృత్తిలోనున్న మాకు దీనికన్న పెద్ద అన్యాయము మరియొకటి కనబడదు. తన్నుగూర్చి వ్రాసినదానిని తాను చదువజాలనివానికి హక్కులున్నవని చెప్పుట గ్రుడ్డివానికి అద్దము చూపుటవంటిది.

ఈ చీకటిలో మొదటి దీపము 1901వ సంవత్సరమున హైదరాబాదు నగరమునందు వెలిగినది. నాడు స్థాపింపబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమునకు మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారును, రావిచెట్టు రంగారావుగారును, కొమర్రాజు వేంకటలక్ష్మణరావుగారును ముఖ్యులు. వీరిలో కొందరే పూనుకొని 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. ఆ మండలి మొదట ప్రకటించిన గ్రంథము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. దాస్యమును తొలగించిన అమెరికా దేశాధ్యక్షుని కథతో తెలుగు గ్రంథమాల యొకటి ప్రారంభమగుట యాదృచ్ఛికమని మేము తలపము.

పత్రికల విషయమునకు వత్తము. పాలమూరని ప్రసిద్ధమైన మహబూబునగరమునుండి 1913లో హితబోధిని యను మాసపత్రిక వెలువడెను. దానికి సంపాదకులు బండారు శ్రీనివాసశర్మగారు. అది వ్యవసాయమును, వైద్యమును, నీతిని బోధించుచు కొలదికాలమే జీవించెను. అటుపిమ్మట 1922లో రెండు వారపత్రికలు పుట్టినవి. నల్లగొండలో షబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారు నీలగిరిని స్థాపించిరి. ఓరుగల్లు సీమలోని ఇనుగుర్తి గ్రామమున ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు తెనుగు పత్రికను నెలకొల్పిరి. ఒక పల్లెటూరిలో అన్నదమ్ములిద్దరు ముద్రణయంత్రము తెచ్చి నిలుపుకొని, తామే వ్రాసి, తామే అచ్చువేసి పత్రిక నడపుట ఎంత సాహసమో యోచింపుడు! ఈ పత్రికలు చిరకాలము నిలువలేదు. అయినను నైజాము రాజ్యమున తెలుగు పత్రిక నడపవచ్చునని అవి రుజువు చేసిపోయినవి.

అంతకు ముందటి యేడు, అనగా 1921 నవంబరు నెలలో, హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో సంఘసంస్కార మహాసభ జరిగెను. స్త్రీవిద్యకై జీవితమును ధారపోసిన కర్వే పండితుడు దాని కధ్యక్షుడు. ఇంగ్లీషులోను, ఉర్దూలోను, మరాఠీలోను ఉపన్యాసములు నిరాటంకముగ సాగినవి. అల్లంపల్లి వేంకటరామారావుగారు లేచి తెలుగున మాటాడ నారంభింపగానే సభలో కొందరు ఎగతాళి చేసి, అల్లరిపెట్టి, వారిని కూర్చుండబెట్టిరి. సంస్కారమునకై కూడిన సభలోనే ఇట్టి అసంస్కారము జరుగుటచే ఆంధ్రుల మనస్సులు గాయపడినవి. ఆనాడే ఆంధ్ర జనసంఘమునకు అంకురార్పణ జరిగెను. మాడపాటి హనుమంతరావుగారు ఆ సంఘమునకు ప్రాణమువంటివారైరి.

ఇట్లు సిద్ధమైన పొలములో విత్తనము చల్లుటకు వచ్చినవారు ప్రతాపరెడ్డిగారు. వారు 1896 మే 28వ తేదీన బోరవెల్లి గ్రామమున జనించిరి. తల్లి రంగమ్మగారు, తండ్రి నారాయణరెడ్డిగారు. వారి స్వగ్రామము ఇటికాలపాడు. అది అప్పుడు గద్వాల సంస్థానములోనిది. 2016లో ఏర్పడిన జోగులాంబ గద్వాల జిల్లాలో నేడు చేరియున్నది. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఆ సీమలో ఆవలి యొడ్డున కర్నూలు ఇంగ్లీషువారి పాలనలోనిది, ఈవలి యొడ్డు నైజాముది. ఏరు దాటిన భాష మారదు గాని చట్టము మారును. ఈ తారతమ్యము బాలుడైన ప్రతాపరెడ్డిగారికి పుస్తకము చదువకయే తెలిసియుండును.

కర్నూలులోను, హైదరాబాదులోను, చెన్నపట్టణమునను వారు విద్యాభ్యాసము చేసిరి. సంస్కృతాంధ్రములతో పాటు ఉర్దూ, పారసీ, ఇంగ్లీషు భాషలను అభ్యసించి, న్యాయశాస్త్రమున పట్టమునంది, కొంతకాలము న్యాయవాదిగా నుండిరి. ఆ వృత్తిలో ధనమార్జింపగల శక్తి వారికి లేక కాదు. వారి చిత్తము వేరొకచోట లగ్నమైయుండెను. 1924 ప్రాంతమున హైదరాబాదులోని రెడ్డి విద్యార్థి వసతిగృహపు నిర్వహణమును వారు స్వీకరించిరి. 1918లో స్థాపింపబడిన ఈ గృహమునకు నగర కొత్వాలైన రాజా బహద్దరు వేంకటరామారెడ్డిగారు పెద్దదిక్కు. వీరును వనపర్తి సంస్థానపు రాయణిపేట వారే. ప్రతాపరెడ్డిగారు ఆ వసతిగృహమున భోజనవసతులను చూచుటతో తృప్తినొందక, వేలకొలది గ్రంథములు గల పుస్తకాలయమును కూర్చిరి. పల్లెలనుండి వచ్చిన బాలురు అన్నముతోపాటు పుస్తకముల రుచిని గూడ మరిగిరి.

గోలకొండ పత్రిక 1926 మే 10వ తేదీన ఉదయించినది. వారమునకు రెండుసార్లు వెలువడు పత్రికగా అది ప్రారంభమయ్యెను. దాని సంపాదకత్వ భారమును ప్రతాపరెడ్డిగారు వహించి, రెండు దశాబ్దములకు పైగా మోసిరి. నేటివారు పత్రికా కార్యాలయమనగానే అనేకులైన ఉద్యోగులను తలచుకొందురు. ఆ దినములలో సంపాదకుడే వ్యాసకర్త, సంపాదకుడే విమర్శకుడు, సంపాదకుడే ప్రూఫులు దిద్దువాడు. రచనలు చాలని నాడు ప్రతాపరెడ్డిగారు మారుపేర్లతో తామే వ్రాసి పుటలు నింపుచుండిరి. అయితే వారి అసలు ప్రజ్ఞ తాము వ్రాయుటలో కంటె ఇతరులచే వ్రాయించుటలో నున్నదని మా అభిప్రాయము. పల్లెలలోని ఉపాధ్యాయులు, సంస్థాన పండితులు, యువకులు పంపిన కవితలను, వార్తలను, శాసనముల ప్రతులను వారు పరిశీలించి ప్రకటించుచు వచ్చిరి. దేవరకొండలోని రచయితకు గద్వాలలోని రచయిత పరిచయమైనది గోలకొండ పత్రిక పుటలలోనే.

ఇచ్చట మేమొక చిక్కుప్రశ్నను దాటవేయరాదు. ఈ పత్రికకు అండగా నిలిచినవారిలో సంస్థానాధిపతులును, భూస్వాములును, నగర రక్షకభటులకు అధికారియైన కొత్వాలుగారును ఉండిరి. పత్రిక నడచుటకు ప్రభుత్వపు అనుమతి కావలెను. అట్టి పత్రిక రైతుల పక్షమున, ప్రజల భాష పక్షమున ఎట్లు మాటాడగలదు? పెట్టుబడి పెట్టినవాని యెదుట నోరు కట్టువడదా? అనుమతి ఇచ్చినవాని యెదుట కలము వణకదా?

ఈ ప్రశ్న మన దేశమునకే ప్రత్యేకమైనది కాదు. ఫ్రెంచి విప్లవకాలమున లండను నగరములో జోసెఫ్ జాన్సనను పుస్తక విక్రేత యుండెను. సెయింట్ పాల్ దేవాలయ ప్రాంగణమునందలి అతని యింట భోజనపు బల్లచుట్టు టామస్ పెయిను, మేరీ ఉల్‌స్టన్‌క్రాఫ్టు, విలియం గాడ్విను మొదలగు రచయితలు కూడుచుండిరి. స్త్రీల హక్కులను సమర్థించిన ఉల్‌స్టన్‌క్రాఫ్టు గ్రంథమును 1792లో ప్రకటించినవా డతడే. అయినను 1791లో పెయిను రచించిన మానవ హక్కుల గ్రంథమును అచ్చువేయ నారంభించి, ప్రభుత్వ భయముచే వెనుకకు తగ్గెను. మరియొక విక్రేత దానిని ప్రకటించెను. ఇంత జాగ్రత్తపడిన జాన్సను సైతము తుదకు ఒక కరపత్రము నమ్మిన నేరమునకు 1799లో శిక్షింపబడి కారాగారవాసము చేసెను. తరువాతి తరమున రిచర్డు కార్లైలను ప్రకాశకుడు 1819 మొదలు 1825 వరకు చెరసాలలో నుండగా, అతని అంగడిలో పుస్తకములమ్ము స్త్రీపురుషులు ఒకరి వెనుక నొకరు అరెస్టగుచున్నను అమ్మకము నిలువలేదు. సమయము చూచి తగ్గుట, సమయము చూచి నిలుచుట, తాను పడిపోయినను పని సాగునట్లు మరియొకనిని సిద్ధపరచుట: ఈ మూడును తెలిసిననే నిర్బంధములో నున్న ముద్రాపకుడు జీవించును.

ప్రతాపరెడ్డిగారు ఈ మూడును ఎరిగినవారు. వారు కొత్వాలుగారియెడ కృతజ్ఞత చూపిరి. వారి జీవితచరిత్రమును గూడ రచించిరి. కాని తెలుగు పాఠశాలల లేమినిగూర్చియు, ఉద్యోగుల దౌర్జన్యములనుగూర్చియు, వెట్టిచాకిరినిగూర్చియు వ్రాయుట మానలేదు. ఒకప్పుడు సంపాదకీయములను ముందుగా చూపి అనుమతి పొందనిదే ప్రకటింపరాదని ప్రభుత్వము ఆంక్ష విధింపగా, వారు సంపాదకీయమునకు బదులుగా లోకప్రసిద్ధులైన మహనీయుల సూక్తులను ఆ స్థానమున ప్రకటించిరని ప్రసిద్ధి. అందు సంపాదకుని వాక్యమొక్కటియు లేదు; చట్టము ఉల్లంఘింపబడలేదు; చెప్పవలసినది చెప్పబడెను. న్యాయశాస్త్రము చదివినందుకు ఇంతకంటె చక్కని ప్రయోజనమేమున్నది?

అయినను ఉన్నదున్నట్లు చెప్పవలెను. భూస్వాముల ఆదరణము గల పత్రిక భూమి పంపకమునుగూర్చి తీవ్రముగా మాటాడజాలదు. నల్లగొండ మండలములోని కౌలుదార్ల కోపము పండి 1940 తరువాత పెల్లుబికినప్పుడు, గోలకొండ పత్రిక ఆ వేగముతో నడువలేదు. దీనిని దోషమనువారున్నారు. మా అభిప్రాయములో ఇది ఆ పత్రిక యొక్క హద్దు. హద్దు గల పొలమును గూడ చక్కగా దున్నవచ్చును. దున్నినవాడు ఆ పని చేసెనా లేదా యని మనము విచారింపవలెను.

సభలు జరుపుటకు గూడ ముందుగా అనుమతి పొందవలెనని గస్తీ నిషాను 53 అను ప్రసిద్ధమైన ఉత్తరువు శాసించుచుండెను. అట్టి కాలమున, 1930 మార్చి నెలలో మెదకు మండలములోని జోగిపేటయందు నైజాము రాష్ట్ర ప్రథమాంధ్ర మహాసభ సమావేశమయ్యెను. దానికి ప్రతాపరెడ్డిగారు అధ్యక్షత వహించిరి. దానితోకూడ నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతను ఆంధ్ర మహిళాసభయు జరిగెను. మరుసటి సంవత్సరమున నల్లగొండ మండలములోని దేవరకొండలో రెండవ సభ బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతను జరిగెను. పదేండ్ల క్రిందట తెలుగున నోరు విప్పినవాని నెగతాళి చేసిన రాజ్యముననే వేలమంది కూడి తెలుగుననే తీర్మానములు చేసికొనిరి. దీనికి పునాది సభాపందిరిలో కాదు, ఊరూర వెలసిన పఠనమందిరములలోను, అచ్చట పదిమందికి వినబడునట్లు చదువబడిన పత్రికలోను ఉన్నది.

ప్రతాపరెడ్డిగారి పేరు వినగానే అందరికి స్మరణకు వచ్చు కార్యము మరియొకటి కలదు. తెలంగాణమున కవులు లేరని, ఉన్నను వారి లెక్క పూజ్యమని ఒక పండితుడు వ్రాసెను. ఈ మాటకు కోపముతో ప్రత్యుత్తరమీయుట సులభము. కాని వాదముచే గెలిచినవాడు నిజముగా గెలిచినవాడు కాడు. దస్తావేజు చూపినవాడే గెలుచును. ప్రతాపరెడ్డిగారు ఊరూరికి వ్రాసి కవుల వివరములను, వారి పద్యములను తెప్పించిరి. గోలకొండ పత్రిక పిలుపు నందుకొని సంస్థాన పండితులు, పాఠశాలల ఉపాధ్యాయులు, వృద్ధులు, యువకులు తమ రచనలను పంపిరి. 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచిక ప్రకటింపబడెను. పూజ్యమన్నవానికి ఆ అంకెయే సమాధానము. అందులో కొన్ని పద్యములు సామాన్యములు కావచ్చును. అన్నియు మహాకావ్యములని సంపాదకుడును చెప్పలేదు. కాని ఆ పుస్తకమును విప్పి తన ఊరిపేరు చూచుకొన్న ప్రతివాడును తాను ఒంటరివాడు కాడని గ్రహించెను.

వెనుక వచ్చినవారిలో మేము ముఖ్యముగా చెప్పదగినవారు వట్టికోట ఆళ్వారుస్వామిగారు. వారు 1915లో నల్లగొండ మండలములోని మాదారమున బీదకుటుంబమునందు జనించి, బాల్యముననే తండ్రిని కోల్పోయి, ఇండ్లలో వంటచేసియు, హోటలులో పనిచేసియు స్వయముగా చదువు నేర్చిరి. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దువారుగా కొంతకాలము పనిచేసిరి. 1938లో వారు సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, చిన్న పుస్తకములను అచ్చువేయించి, తామే మోసికొనిపోయి అమ్ముచుండిరి. రాజకీయములలో ప్రతాపరెడ్డిగారి మార్గము వేరు, వీరి మార్గము వేరు. 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభ రెండుగా చీలినప్పుడు ఆళ్వారుస్వామిగారు వామపక్షమున నిలిచిరి. నిజామాబాదు చెరసాలలో దాశరథి కృష్ణమాచార్యులుగారితో కూడ నుండిరి. ఆ కవి తన అగ్నిధారను వీరికే అంకితమొనర్చెను. వీరు 1961లో మృతినొందిరి. భూస్వాముల ఆదరణమున నడచిన పత్రికలో ప్రూఫులు దిద్దిన చేయి, తరువాత ఆ పత్రిక పలుకజాలని మాటలను అచ్చువేయించెను. ఒక పత్రిక చేయు మేలు దాని పుటలలో మాత్రమే యుండదనుటకు ఇంతకన్న సాక్ష్యమేమి కావలెను?

ప్రతాపరెడ్డిగారు స్వయముగా రచించిన గ్రంథములు అనేకములు. హిందువుల పండుగలు, రామాయణ విశేషములు, హైందవ ధర్మవీరులు, మొగలాయి కథలు అందు కొన్ని. ఆచారము పాతది కాబట్టి పూజ్యమనికాని, పాతది కాబట్టి త్యాజ్యమనికాని వారు చెప్పలేదు. అది ఎచ్చట పుట్టినది, ఎందుకు మారినది యని అడిగిరి. ఈ విచారణబుద్ధి 1949లో ప్రకటితమైన ఆంధ్రుల సాంఘిక చరిత్రమున పరిపక్వమయ్యెను. అంతవరకు మన చరిత్రములు రాజుల యుద్ధములను, వంశావళులను మాత్రమే తెలుపుచుండినవి. ప్రతాపరెడ్డిగారు ప్రజలు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ వృత్తులు చేసిరి, ఏ మూఢవిశ్వాసములచే బాధపడిరి యని వెదకిరి. ఇందుకు వారి ఆధారములు శాసనములు మాత్రమే కావు. క్రీడాభిరామమువంటి కావ్యములలో కవులు అలవోకగా వర్ణించిన వీథులు, అంగళ్లు, జాతరలు వారికి సాక్షులైనవి. పూటకూళ్లయింటి భోజనమును కూడ చరిత్రకారుడు గౌరవింపవలెనని తెలుగువారికి నేర్పినది ఈ గ్రంథమే.

1948లో నైజాము పాలన అంతరించినది. 1952లో జరిగిన ఎన్నికలలో ప్రతాపరెడ్డిగారు వనపర్తినుండి హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు ఎన్నికైరి. చిరకాలము ప్రభుత్వపు అనుమతిపై పత్రిక నడపిన చేయి, ప్రజల అనుమతిపై శాసనములు చేయు సభలో స్థానము పొందినది. కాని ఆ పదవి ననుభవించుటకు ఆయువు చాలలేదు. 1953 ఆగస్టు 25వ తేదీన వారు స్వర్గస్థులైరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ మొట్టమొదటి పురస్కారములనొసగినప్పుడు తెలుగుభాషకుగాను ఆంధ్రుల సాంఘిక చరిత్రమే ఎన్నుకొనబడెను. పురస్కారము వచ్చునప్పటికి గ్రంథకర్త లేరు. 2025లో హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టబడెను.

పేరు పెట్టుటచే ఋణము తీరినదని ఎవరును భావింపరాదు. ప్రతాపరెడ్డిగారు మనకు విడిచిపోయినది ఒక విగ్రహము కాదు, ఒక పద్ధతి. నీవు లేవని ఎవరైన ననినప్పుడు అరవక, నీవున్నట్లు కాగితముపై రుజువుచేయుము. నీకు సహాయము చేసినవానిని మరువకుము, కాని వాని భయముచే కనులు మూసికొనకుము. నీవు చెప్పజాలని మాటను చెప్పగలవాడు నీ కార్యాలయములోనే యొక మూల ప్రూఫులు దిద్దుచు కూర్చుండియుండవచ్చును, వానికి పనినిమ్ము. ఇంగ్లండులో జాన్సను బల్లయొద్ద భుజించినవారిలోను ఏకాభిప్రాయము లేదు, గోలకొండ పత్రికకు వ్రాసినవారిలోను లేదు. అయినను వారందరు ఒకరి వ్రాత నొకరు చదివిరి. స్వాతంత్ర్యము మొలకెత్తుటకు ఆ మాత్రపు తడి చాలును.

మన పల్లెలలోని పఠనమందిరములలో అనేకములు తాళము వేయబడినవి. కొన్నిట పుస్తకములున్నవి, చదువువారు లేరు. కొన్నిట చదువువారున్నారు, పుస్తకములు లేవు. ఈ వ్రాతను చదివినవారిలో పదిమంది యైనను తమ ఊరి తాళమును తీయించి, ఒక సాయంకాలము పదిమందిని కూర్చుండబెట్టి, ఒక పుటను అందరు వినునట్లు చదివించినయెడల, ఈ చరిత్రమును వ్రాసిన మా శ్రమ ఫలించినదని తలంతుము.